ఎడమవైపు ఉత్తరేణి

అందరూ కుడివైపు దులుపుకుంటున్నారు. పాపయ్య ఒక్కడూ ఎడమవైపు దులుపుకుంటున్నాడు.

డిటెక్టివ్ పున్నయ్య అది చూశాడు. వెలిగించబోయిన బీడీ మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఆరంగ్ దాటి, మహానది దాటి, ఇంకాస్త దూరం అడవిలోకి పోతే సోన్‌ఝరీ లోయ. సర్కారు కాపలాలో ఉన్న అడవి అది. కొమ్మ విరిచినా జుర్మానా వేస్తారు. లోయ నడుమ ఒక గట్టు, గట్టు మీద మహాదేవుడు. చెక్‌పోస్టు పక్కన బయలుదేరిన కాలిబాట గట్టు చుట్టూ తిరిగి మళ్ళీ చెక్‌పోస్టుకే వస్తుంది. రాయపూర్ ఇనుప కార్ఖానాలో పనిచేసే మనవాళ్ళు ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం బస్సు కట్టించుకుని ఇక్కడికి వనభోజనాలకు వస్తారు. ముందు దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని బాటంతా చుట్టి రావాలి. ఆ తర్వాతే ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేసేది.

బాటకి గట్టువైపు ఉత్తరేణి నడుం దాకా పెరిగింది. రెండోవైపు వాగులోకి దిగే రాతిచరియ. అక్కడ గడ్డిపరక కూడా మొలవలేదు. అందుకే ప్రదక్షిణం చేసి వచ్చిన ఆడవాళ్ళ చీరలకీ మగవాళ్ళ పంచెలకీ కుడివైపే గింజలు కరుచుకున్నాయి. పున్నయ్య ప్యాంటుకీ కుడికాలికే ఉన్నాయి. పాపయ్య పంచెకి మాత్రం ఎడమవైపు. పైగా ఆ పంచె మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకి అతుక్కుపోయి ఉంది.

పున్నయ్య పులిహోర కోసం రాలేదు. పైడమ్మ కాళ్ళావేళ్ళా పడితే వచ్చాడు.

పైడమ్మ మొగుడు దానయ్య కార్ఖానాలో క్రేను కొక్కేనికి గొలుసులు కట్టే పనివాడు. దసరాల ముందు క్రేను మోస్తున్న ఇనుపదిమ్మె జారిపడి కింద ఒక కూలీ నలిగిపోయాడు. గొలుసు సరిగ్గా కట్టలేదని దానయ్యని జైల్లో వేశారు. ఆ క్రేను తోలింది పాపయ్య. క్రేను గదిలో అతని పక్కన ఉన్నది హెల్పరు చిన్నారావు ఒక్కడే. గొలుసు బాగానే కట్టారనీ, పాపయ్యే తాగి కునికిపాట్లు పడుతూ పిడి లాగేశాడనీ చిన్నారావు పైడమ్మతో చెప్పాడు. సోమవారం కోర్టులో కూడా అదే చెబుతానన్నాడు. పాపయ్య అతనికి పరాయివాడు కాదు, సొంత పెదనాన్న కొడుకు. అయినా చెబుతానన్నాడు.

శుక్రవారం నాడు వనభోజనాలకి చోటు చూసి వస్తామని అన్నదమ్ములిద్దరూ ఈ లోయకి వచ్చారు. తిరిగి వెళ్ళింది పాపయ్య ఒక్కడే. తమ్ముడు ఆరంగ్‌లో పని ఉందని బస్సు దిగిపోయాడని చెప్పాడు. అప్పటినుంచి చిన్నారావుని చూసినవాళ్ళు లేరు.

రేపే సోమవారం.

పొద్దున బస్సెక్కేటప్పుడు పైడమ్మ పున్నయ్యతో ఒకేఒక్క మాట అంది. "బావూ, రేపు సిన్నారావు కోరుటులో నిలబడకపోతే మా ఆయన మరింటికి రాడు." ఆ మాట తర్వాత దారంతా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆమె పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. పాపయ్య మనవాళ్ళ సంఘానికి పెద్ద, అతనికి ఎదురు నిలిచినదాని పక్కన కూర్చోవడానికి అందరికీ జంకు.

పున్నయ్య ముందుగా పొయ్యిల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ రంగనాయకమ్మగారు పప్పు కలుపుతోంది. కార్ఖానా కాలనీలో ఏ ఇంట్లో ఏ పూట ఏం వండారో చెప్పగల మనిషి. ఆమెను అడగాల్సిన పని కూడా లేదు, పక్కన నిలబడితే చాలు. పాపయ్య ఈసారి దీపం వెలిగించలేదట. పొద్దున కాఫీ కూడా వేరే నిలబడి తాగాడట. దేవుడి దగ్గర పెట్టిన పులిహోర చేతిలో పెడితే కడుపులో బాగాలేదని వెనక్కి ఇచ్చేశాడట.

"కొబ్బరికాయ కూడా ముట్టుకోనన్నాడు నాయనా," అంది. "ఈ అడవిలో వాడు కాయ కొట్టందే మేము పొయ్యి రాజెయ్యం. ఈయేడు కోటయ్య చేతిలో పెట్టేసి పక్కకి వెళ్ళిపోయాడు. అదలా ఉంచు. కార్తీకమాసం కదా, ఉల్లిపాయ కూడా మానేశామా, బస్సులో వాడి సంచీలోంచి నెత్తళ్ళ కంపు. ముక్కు మూసుకుని మహానది దాటాను."

"ఎండుచేపలేనా పిన్నిగారూ? పాత సంచీ వాసనేమో."

"పాత కంపుకీ పొద్దున వేయించిన కంపుకీ తేడా తెలీకుండానే నలుగురు పిల్లల్ని పెంచానా?"

చిన్నారావుకి నెత్తళ్ళంటే ఇష్టమా అని అడిగాడు పున్నయ్య. ఆమె గరిటె ఆపి అతని మొహంలోకి చూసింది. అవి లేకపోతే కంచం ముందు కూర్చునేవాడు కాదని చెప్పింది. 

అంతలో చెక్‌పోస్టు ముందు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ పాఠక్ దిగాడు. వెనకాల ఒక కానిస్టేబులు, అతని చేతిలో గుడ్డసంచి. పాఠక్‌కీ పున్నయ్యకీ పడదు. పోయినేడు పండరీ బట్టలబజారు దొంగతనంలో పాఠక్ పట్టుకొచ్చిన మనిషి దొంగ కాడని పున్నయ్య నలుగురిలో తేల్చేశాడు. అప్పటినుంచి ఎక్కడ ఎదురుపడినా ఇద్దరూ నవ్వుతూనే మాట్లాడుకుంటారు. పళ్ళు మాత్రమే కనబడే నవ్వు.

సంచి చిన్నారావుదట. ఆరంగ్ బస్టాండులో టీకొట్టు బల్ల కింద దొరికిందట. అంటే పాపయ్య చెప్పింది నిజం, కుర్రాడు కోర్టులో గవాహీ చెప్పడానికి భయపడి ఆరంగ్‌నుంచి ఎటో పారిపోయాడు. పైడమ్మ చేత అది చిన్నారావు సంచే అని ఒక సంతకం పెట్టించుకుంటే కాగితాలు మూసేస్తానన్నాడు పాఠక్. హిందీలో గబగబా చెప్పేసి, చివర్న మాత్రం తాపీగా అన్నాడు.

"పున్నయ్యజీ, మీవాళ్ళు పిక్నిక్‌లో పులిహోర తింటున్నారు. మీరు మాత్రం నా బుర్ర తింటున్నారు."

"తినడానికి ఏదైనా ఉండాలిగా సాబ్."

కానిస్టేబులు మొహం అటు తిప్పుకున్నాడు.

"పారిపోయేవాడు సంచి వదిలేసి పారిపోతాడా?" అన్నాడు పున్నయ్య. "ఈ జీపు ఇక్కడే ఉంచండి. ఇక్కడే తేలుస్తాను. తేలకపోతే మీ కాగితం మీద పైడమ్మ పెట్టే సంతకం పక్కన నా సంతకం కూడా పెడతాను."

పాఠక్‌కి ఆ మాట నచ్చింది. పున్నయ్య చేత ఓడిపోయినట్టు రాయించుకోవాలని అతనికి ఏడాదిగా ఉంది. బానెట్ మీద చెయ్యేసి నిలబడి, కానివ్వమన్నాడు.

పున్నయ్య పాపయ్యని ఉసిరిచెట్టు కిందికి పిలిచాడు. పాపయ్య వచ్చాడు. బలమైన మనిషి, నిలబడితే నీడ వెడల్పుగా పడుతుంది. రెండు మూడు రోజులుగా మంగలి ముట్టని గడ్డం. కళ్ళు మాత్రం నిద్రలేక గుంటలు పడ్డాయి. చుట్టూ జనం మూగారు. పైడమ్మ ఎడంగా నిలబడింది.

"ఇందాక బాట చుట్టి వచ్చావా?"

"వొచ్చినాను బావూ. అందరితోటే. ఆఖర్న నడిచినాను."

"ఆఖర్న నడిచింది నేను. నా వెనకాల ఎవరూ లేరు."

పాపయ్య మాట మార్చాడు. సగందూరం వెళ్ళి పొయ్యిలెలా ఉన్నాయో చూద్దామని వెనక్కి వచ్చేశానన్నాడు.

"వెళ్ళేటప్పుడు గట్టు కుడివైపు ఉంటుంది, వచ్చేటప్పుడు ఎడమవైపు. అప్పుడు గింజలు రెండువైపులా అంటుకోవాలి. నీకు ఒక్కవైపే ఉన్నాయి. మేమంతా ఇటు బయలుదేరాక నువ్వు అటునుంచి ఎదురు వెళ్ళావు. తిరిగి బాటన రాలేదు. చరియ వాలుగా ఉన్నచోట వాగులోకి దిగి, నీళ్ళలో నడిచి పొయ్యిల వెనకాల తేలావు. ఆ పంచె ఇంకా కారుతోంది చూడు."

జనం అంతా ఒకేసారి ఆ పంచె వైపు చూశారు. పాఠక్ నవ్వాడు. బట్టకి అంటిన గడ్డిగింజలతో మనిషిని ఉరికంబం ఎక్కిస్తారా అని అడిగాడు. పున్నయ్య పొయ్యిల వైపు వెళ్ళాడు. రంగనాయకమ్మగారి దగ్గర పులిహోర కొంచెం ఆకులో పెట్టించుకుని పాపయ్య ముందు పట్టుకున్నాడు.

"దేవుడి ప్రసాదం. ఒక్క ముద్ద నోట్లో వేసుకో. నేను ఇప్పుడే బస్సెక్కి వెళ్ళిపోతాను."

పాపయ్య చెయ్యి లేచింది. ఆకుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి ఇనుపదిమ్మెల్ని ఆకాశంలో తిప్పుతుంది. గుప్పెడు అన్నం ఎత్తలేకపోయింది.

"దేవుణ్ణి కుడివైపు పెట్టుకోలేదు," అన్నాడు పున్నయ్య. "కాయ ముట్టలేదు. దీపం వెలిగించలేదు. ప్రసాదం తినలేవు. నీకు మైల. ఎవరు పోయారు పాపయ్యా?"

 పాపయ్యకి అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. మైల పట్టాల్సిన రక్తం రాయపూర్‌లో ఇంకొకటే ఉంది. అది అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ మైల అన్న మాట తెలియదు. పున్నయ్య అతని వైపు తిరిగి ఒకే మాట చెప్పాడు. "సూతక్." పాఠక్ బానెట్ మీదనుంచి చెయ్యి తీసేశాడు. అతను కూడా మైల పాటించే ఇంట్లోనే పుట్టినవాడు.

ఆపైన ఎవరూ తిండి మాట ఎత్తలేదు. పున్నయ్య ముందు నడిచాడు. ప్రదక్షిణం ముగిసే కొసనుంచి, అంటే పాపయ్య వెళ్ళిన దారిలోనే, గట్టు ఎడమచేతి వైపు పెట్టుకుని. వెనకాల పాపయ్య, అతని మోచెయ్యి పట్టుకుని కానిస్టేబులు, పాఠక్, కాయ కొట్టిన కోటయ్య, పైడమ్మ. రంగనాయకమ్మగారు గరిటెతో సహా వచ్చేసింది. దూరం లేదు. బాట ఒకచోట చరియ అంచుకి బాగా దగ్గరగా జరుగుతుంది. అక్కడ లోయ నోరు తెరుచుకున్నట్టు ఉంటుంది. పక్క ఊరివాళ్ళు ఆ చోటుని బాఘ్ ఖోహ్, అంటే పులిగుహ, అంటారు. పూర్వం పులులు ఉండేవట.

అంచున ఒక చదునురాయి. దాని మీద చీమలబారు. చీమలు అన్నం మెతుకులు మోసుకుపోతున్నాయి. పున్నయ్య వంగి రాయిని వాసన చూశాడు. నెత్తళ్ళు. రాయి పక్కన గుండ్రంగా దుమ్ము లేని చోటు, విస్తరి పెట్టినంత. పక్కనే సారా చల్లిన మరక. పాఠక్ వచ్చి చూసి, ఎవరో తిని పోయారన్నాడు.

"తిన్నవాళ్ళది కాదు సాబ్. పోయిన మూడోనాడు మావాళ్ళు చిన్నదినం చేస్తారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకికి పెడతారు. శుక్రవారం, శనివారం, ఇవాళ." వేళ్ళు మడిచి చూపించాడు. "ఎవరికీ తెలియని చావుకి చిన్నదినం పెట్టాడంటే, ఆ చావు చూసినవాడు ఇతనొక్కడే."

పాపయ్య రాయి పక్కన కూర్చున్నాడు. దాచుకోవడం అతనివల్ల కాలేదు. తల రాయికి ఆనించి మాట్లాడాడు.

"జారిపోనాడు బావూ. ఈడే నిలబడి గవాహీ ఒద్దురా అని బతిమాల్తన్నాను. ఆడు ఎనక్కేసినాడు కాలు. నాను కేకేసినాను, పలకనేదు. దిగి సూడ్డానికి కాళ్ళు రానేదు. సంచి ఒట్టుకెల్లి ఆరంగ్‌లో పడేసినాను." రాయి మీది మెతుకుల వైపు చూశాడు. "దినం పెట్టకపోతే ఆకలితోటి నా ఎనకాలే తిరుగుతాడు కదా. రెండు రేత్రుల్నించి తిరగతన్నాడు. కాకి రానేదు బావూ. ఇంతలో మీ మాటలినపడ్డాయి. ఇస్తరి కిందకి తోసీసినాను."

పైడమ్మ ఏడవలేదు. ఉన్నచోటే కూర్చుని, చరియ కిందికి చూస్తూ ఉండిపోయింది. చిన్నారావు దొరికాడు. దొరికి ఆమెకి మిగిల్చిందేమీ లేదు. పాఠక్ అది చూశాడు. చూసి కూడా అనకుండా ఉండలేకపోయాడు.

"మీ లెక్కలన్నీ సరే పున్నయ్యజీ. కాలు జారింది, చచ్చాడు. క్రేను సంగతి ఇతను ఒప్పుకోడు. చచ్చినవాడు గవాహీ చెప్పడు. రేపు దానయ్య సంగతి ఏమిటి?"



 శవాన్నైనా పైకి తేవాలి కదా అని పున్నయ్య బస్సు మీద సామాను కట్టిన మోకు తెప్పించాడు. ఒక కొస తునికిచెట్టుకి కట్టించి, రెండో కొస తన నడుముకి చుట్టుకున్నాడు. నేను దిగుతానని కోటయ్య అన్నాడు గానీ పున్నయ్య వినలేదు. ఈ కేసులో ఇంతదాకా తనే వచ్చాడు, ఆ చివరి నాలుగు బారలూ కూడా తనవే అనుకున్నాడు. కోటయ్యా కానిస్టేబులూ మోకు పట్టుకున్నారు. పాఠక్ వద్దనలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

రాయి కాళ్ళకింద పొడిపొడిగా రాలింది. చేతికి దొరికిన వేళ్ళు సగం ఊడివచ్చాయి. ఒకసారి మోకు జర్రున జారి అతను చరియకి గుద్దుకున్నాడు. పైనుంచి రంగనాయకమ్మగారు శివుణ్ణి తలుచుకోవడం వినబడింది. వాగు హోరు పెద్దదయింది. అంతలో పాదాలకి నేల తగిలింది. వాగు ఇంకా కిందుంది. ఇది నడిమధ్య గూడులాంటి చోటు. రాతిలో అరుగులా పొడుచుకొచ్చి, ముందు పొదలు కమ్ముకుని ఉంది. పైనుంచి చూసేవాడికి ఆకులే తప్ప ఇది కనబడదు.

శవం లేదు. విస్తరి ఉంది.

పున్నయ్య దాని ముందు చతికిలబడ్డాడు. మోదుగాకుల విస్తరి. పైనుంచి పడినదైతే బోర్లా పడి ఉండాలి, అన్నం చెదిరి ఉండాలి. కాకులో కోతులో ముట్టుకుని ఉంటే చిరిగి ఉండాలి. ఈ విస్తరి అలా లేదు. నడిమికి చక్కగా మడిచి ఉంది.

అతను చెయ్యి చాపి మడత విప్పాడు. లోపల ఒక్క మెతుకు లేదు. నెత్తళ్ళ తలకాయలు మాత్రం ఒక మూలకి నెట్టి వరసగా పెట్టి ఉన్నాయి. తిన్నాక విస్తరి మడవకుండా లేస్తే చిన్నప్పుడు అమ్మ వీపు మీద ఒకటి వేసేది. అలాంటి దెబ్బలు తిన్న మనిషే ఇది మడిచాడు. అడవిలో ఏ జంతువుకీ ఆ అమ్మ లేదు.

 పొదల వెనకనుంచి బీడీ వాసన వస్తోంది. చల్లారినది కాదు, కాలుతున్నది.

పొద పక్కకి తీశాడు. రాతి గూట్లో ఒక కుర్రాడు వెనక్కి ఒరిగి ఉన్నాడు. ఒక కాలు ఉండాల్సిన తీరున లేదు. చొక్కా చింపి దాని చుట్టూ కట్టుకున్నాడు. పక్కన సగం కొరికిన ఉసిరికాయలు, రాతిలోంచి ఊరే నీటిచెమ్మ. వేళ్ళ సందున బీడీ. కళ్ళు మాత్రం పిల్లిని చూసిన ఎలక కళ్ళలా ఉన్నాయి.

"మా అన్న ఎల్లిపోనాడా?" గొంతు రాక గాలిలా అడిగాడు చిన్నారావు.

పున్నయ్య అతని నుదుటి మీద చెయ్యి వేసి, ఇక భయం లేదన్నాడు. పైన మనుషుల అలికిడి వింటూ ఎందుకు కేకెయ్యలేదని అడిగాడు. మొదట్రోజు అరిచి అరిచి గొంతు పోయిందట. ఇవాళ పైన అన్న ఏడుపు వినబడితే, బతికానని తెలిస్తే మళ్ళీ ఎక్కడ రాయి దొర్లిస్తాడోనని ఊపిరి బిగబట్టుకున్నాడట. జారలేదట. అన్న చెయ్యి గుండెల మీద పడిందట.

"ఇస్తరి దబ్బున ఈడ పడింది బావూ. నెత్తళ్ళు, బీడీలు, అగ్గిపెట్టి. సూడగానే తెల్సిపోనాది, ఇది నా సిన్నదినమని." ఒక దమ్ము లాగాడు. "తెల్సే తినేసినాను. ఆకలి ఆగనేదు."

"రేపు కోర్టులో నిలబడగలవా?"

చిన్నారావు కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత పున్నయ్య వైపు చూశాడు. "కాలు ఇరిగింది. నోరు ఇరగనేదు."

పైనుంచి పాఠక్ గొంతు వినబడింది. శవం దొరికిందా, ఇంకో మోకు దింపమంటారా అని అడుగుతున్నాడు. పున్నయ్య నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తలెత్తాడు. అంచున వరసగా తలకాయలు కనబడుతున్నాయి. పైడమ్మది, కోటయ్యది, ఇన్‌స్పెక్టర్‌ది. నడుమ పాపయ్యది.

"మోకు వద్దు సాబ్, మంచం దింపించండి," అని హిందీలో అరిచాడు. తర్వాత తెలుగులో, ఒక్కొక్క మాటా వాగు హోరు దాటేలాగ అన్నాడు.

"పాపయ్యా, వెళ్ళి స్నానం చెయ్యి. నీ మైల వదిలింది. నీ తమ్ముడు తృప్తిగా భోంచేసి విస్తరి మడిచాడు."